నొప్పి లేని గడ్డను పట్టేది వేళ్లే

రొమ్ము కేన్సర్ పరీక్షలు చేసే సిబ్బందికి కొల్లేటి సీమకు తగిన పాఠం కావాలి

ఏలూరు: పన్ను నొప్పి పుడితే తెల్లవారేసరికి తాడేపల్లిగూడెం బస్సెక్కుతారు. బిడ్డకు జ్వరం వస్తే అర్ధరాత్రయినా కైకలూరు తీసుకుపోతారు. రొమ్ములో గట్టిగా గింజలాంటిది చేతికి తగిలితే మాత్రం చాలామంది ఆడవాళ్లు ఆ మాట ఇంట్లో కూడా అనరు. నొప్పి లేదు కదా, అదే పోతుందిలే అని నెలలు గడిపేస్తారు. నాట్లు అయ్యాక చూద్దాం, చెరువు పట్టుబడి అయ్యాక చూద్దాం, అమ్మాయి పెళ్లి అయ్యాక చూద్దాం అని వాయిదా వేస్తారు. ఈలోగా గింజ కాస్తా నిమ్మకాయ అవుతుంది.

రొమ్ము కేన్సర్ గడ్డ తొలి రోజుల్లో సాధారణంగా నొప్పి పెట్టదు. ఈ జబ్బులో ఉన్న అసలు మోసం ఇదే. నొప్పి లేని గట్టి గడ్డను తేలిగ్గా తీసుకోకూడదన్న ముక్క ఊరూరా చేరాలి. దాన్ని చేర్చవలసిన వారు ఆశా కార్యకర్తలు. చేత్తో పరీక్ష చేసి తేడా పసిగట్టవలసిన వారు ఏఎన్‌ఎంలు, విలేజ్ క్లినిక్కుల్లోని సామాజిక ఆరోగ్య అధికారులు, నర్సులు. మరి వీరికి ఆ పని నేర్పేదెలా? ఎలాంటి పుస్తకం, ఎలాంటి బొమ్మలు, ఎలాంటి అభ్యాసం ఉంటే ఒక లంక గ్రామంలో పనిచేసే ఏఎన్‌ఎం చేతికి ఆ విద్య నిజంగా పట్టుబడుతుంది? పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న మీద ఎన్నో ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

నూటికి ఒక్కరు కూడా లేరు

అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది మహిళలకు కొత్తగా రొమ్ము కేన్సర్ వచ్చింది. అదే ఏడాది సుమారు 98,000 మంది ఈ జబ్బుతో చనిపోయారు. ఆడవారికి వచ్చే కేన్సర్లలో మన దేశంలో ఇదే మొదటి స్థానంలో ఉంది. పడమటి దేశాలతో పోల్చితే మన దగ్గర ఈ జబ్బు దాదాపు పదేళ్లు ముందుగానే, నలభై అయిదు, యాభై ఏళ్ల ప్రాయంలోనే ఎక్కువగా బయటపడుతోంది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, పాడి, పొలం పనులు అన్నీ ఇంటి ఇల్లాలి మీద ఉండే వయసు అది. ఆమె మంచాన పడితే ఆ కొంప నడిచేదెలాగో పల్లె జనానికి వేరే చెప్పనక్కరలేదు.

2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల మహిళలను రొమ్ము పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా అని అడిగారు. అవునన్నవారు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఇందుకు విధివిధానాలు ప్రకటించింది. 30 నుంచి 65 ఏళ్ల వయసు వారికి నోటి కేన్సరు, మహిళలకు రొమ్ము కేన్సరు, గర్భాశయ ముఖద్వార కేన్సరు పరీక్షలు జరపాలని అందులో ఉంది. రొమ్ము విషయంలో శిక్షణ పొందిన సిబ్బంది అయిదేళ్లకొకసారి చేత్తో తడిమి పరీక్షించాలన్నారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ మూడు కేన్సర్ల కోసం ఇంటింటి సర్వే ప్రారంభించింది. అంటే పరీక్ష జరగాలన్న నిర్ణయం ఎప్పుడో అయిపోయింది. ఇక ఆ పరీక్ష చేసే చేతికి పని నేర్పడంలోనే అంతా ఉంది.

చేతి పరీక్షకు విలువ ఉందా?

మామోగ్రఫీ యంత్రాలుండగా ఇంకా చేత్తో తడమడమేమిటని కొందరు అడుగుతుంటారు. యంత్రం మంచిదే. కాని అది ఖరీదైనది. దానికి గది, విద్యుత్తు, నడిపే మనిషి, ఫిలిం చదివే డాక్టరు కావాలి. వయసులో ఉన్న స్త్రీల రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కనుక వారి విషయంలో యంత్రానికి కూడా కొన్ని గడ్డలు సరిగ్గా కనపడవు. కొల్లేటి నడుమ ఉన్న లంకలకు ఆ యంత్రం వచ్చేదాకా ఎవరూ ఆగలేరు. చెయ్యి మాత్రం ఇప్పుడే ఉంది.

చేతి పరీక్షకు గట్టి దాఖలాలు మన దేశంలోనే ఉన్నాయి. బొంబాయిలోని టాటా మెమోరియల్ వారు 1998లో 35 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,51,538 మంది మహిళలతో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. వారిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు రెండేళ్లకొకసారి చొప్పున నాలుగు విడతలు చేతి పరీక్ష చేయించారు. ఆ పరీక్ష చేసినవారు డాక్టర్లు కారు. శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. ఇరవై ఏళ్ల ఫలితాలను 2021లో ప్రచురించారు. పరీక్షలు జరగని జట్టులో జబ్బు పడినవారిలో 47 శాతం మందికి అది ముదిరిన దశలో బయటపడగా, పరీక్షలు జరిగిన జట్టులో అది 37 శాతానికి తగ్గింది. యాభై ఏళ్లు పైబడిన వారిలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అంతకు తక్కువ వయసు వారిలో మరణాల తగ్గుదల రుజువు కాలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. అయినా చేతి పరీక్ష వట్టి తంతు కాదని తేలిపోయింది.

కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 2006లో 1,15,652 మంది మహిళలతో ఇలాంటి పరిశోధనే జరిగింది. 2011లో వెల్లడించిన తొలి ఫలితాల ప్రకారం పరీక్షలు జరిగిన జట్టులో 43.8 శాతం కేన్సర్లు తొలి దశల్లోనే దొరికాయి. రెండో జట్టులో అలా దొరికినవి 25.4 శాతమే.

చైనాలోని షాంఘై అనుభవం మరో పాఠం చెబుతుంది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది స్త్రీలతో జరిపిన పరిశోధనలో సగం మందికి తమ రొమ్మును తామే పరీక్షించుకునే పద్ధతి నేర్పారు. 2002లో ఫలితాలు చూస్తే, నేర్చుకున్నవారిలో మరణాలు తగ్గలేదు. ప్రమాదం లేని గడ్డలకు కోతలు మాత్రం పెరిగాయి. ఒక కరపత్రం చేతిలో పెట్టి ‘మీరే చూసుకోండి’ అని భారమంతా ఆడవాళ్ల మీద వేస్తే సరిపోదని దీని సారాంశం. తన శరీరంలో వచ్చిన మార్పును ప్రతి స్త్రీ గమనించుకోవాల్సిందే. కాని పరీక్ష చేయడానికి పని తెలిసిన మనిషి ఊళ్లో ఉండాలి.

మన పల్లెల్లోనే జరిగిన పని

ఈ పని తెలుగు పల్లెలకు కొత్తేమీ కాదు. హైదరాబాదులో డాక్టర్ పిల్లారిశెట్టి రఘురామ్ 2007లో స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ కేన్సర్ ఫౌండేషన్ 2012 నుంచి 2016 వరకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని 15 జిల్లాల్లో, సుమారు నాలుగు వేల గ్రామాల్లో ఇలాంటి కార్యక్రమం నడిపింది. 3,750 మంది ఆరోగ్య కార్యకర్తలకు చేతి పరీక్షలో శిక్షణ ఇచ్చారు. 35 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న రెండు లక్షల మందికి పైగా పేద మహిళలకు పరీక్షలు జరిగాయి.

ఊళ్లో పుట్టి పెరిగిన మామూలు కార్యకర్త, పెద్ద చదువులు లేకపోయినా, సరిగ్గా నేర్పితే ఈ పని చేయగలదని ఆ కార్యక్రమం నిరూపించింది. ‘సరిగ్గా నేర్పితే’ అన్న మాటనే గట్టిగా పట్టుకోవాలి. హాలులో ఒక పూట కూర్చోబెట్టి, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు చూపించి, టిఫిను పెట్టి, సంతకాలు పెట్టించుకుని పంపితే అది శిక్షణ అనిపించుకోదు. మర్నాడు ఊళ్లోకి వెళ్లిన ఏఎన్‌ఎం చేతికి ఏ గడ్డా తగలదు.

బురద నీటిలో చేపను పట్టినట్టు

బురద నీటిలో చేయి పెట్టి చేపను తడిమి పట్టే కొల్లేటి వారికి ఈ విద్య సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఆ నీటిలో కన్ను పనికిరాదు. చెయ్యే చూస్తుంది. చేపకూ, రాయికీ, తూటి కాడకూ తేడా వేలికి తెలుస్తుంది. ఆ తేడా ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోలేదు. నీటిలో దిగి నేర్చుకున్నారు.

రొమ్ము పరీక్ష కూడా అంతే. 1970ల్లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హెన్రీ పెన్నీప్యాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు వేలికొసకు ఎంత చిన్న గడ్డ తెలుస్తుందో పరిశోధించారు. సిలికాన్‌తో రొమ్ము నమూనాలు చేసి వాటిలో రకరకాల సైజుల గింజలు దాచి జనం చేత వెతికించారు. అలవాటు చేస్తే మూడు మిల్లీమీటర్ల గింజను, అంటే ఇంచుమించు మెంతిగింజంత దాన్ని కూడా వేళ్లు పట్టగలవని తేలింది. వారు రూపొందించిన పద్ధతే నేడు అనేక దేశాల్లో శిక్షణకు ఆధారం.

ఆ పద్ధతిని మన కార్యకర్తలకు మన మాటల్లో చెప్పడం కష్టమేమీ కాదు. చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు మూడూ కలిపి, గోళ్ల కొసలతో కాక వేళ్ల లోపలివైపు మెత్తని భాగంతో తడమాలి. చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోవాలి. ప్రతి చోటా మూడు రకాల ఒత్తిడి పెట్టాలి. మొదట చర్మం కదిలేంత తేలిగ్గా, తరువాత ఓ మాదిరిగా, ఆఖరున లోపలి పక్కటెముక తెలిసేంత గట్టిగా. దుక్కి దున్నినప్పుడు చాలు పక్కన చాలు వేసినట్టు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వరుసలు తీయాలి. నడుమ బెత్తెడు నేల కూడా విడవకూడదు. ఆ పొలానికి గట్లు ఎక్కడో కూడా పుస్తకంలో గీసి చూపాలి: పైన మెడ కింది అడ్డ ఎముక, లోపలివైపు ఛాతీ నడిమి ఎముక, కింద రొమ్ము మడత, బయటివైపు చంక నడిమి దాకా. ఆ తరువాత చంకలోనూ, మెడ ఎముక పైనా బిళ్లలున్నాయేమో చూడాలి. ఒక్కో వైపు మూడు నిమిషాలకు తగ్గకుండా సమయం ఇవ్వాలి. రెండుసార్లు అలా నొక్కి ‘ఏం లేదు పొమ్మంటే’ అది పరీక్ష కాదు.

జర్మనీలో ఫ్రాంక్ హాఫ్‌మన్ అనే స్త్రీల వైద్యుడు చేసిన ఆలోచన ఇక్కడ చెప్పుకోదగినది. చూపులేని వారి వేళ్లకు స్పర్శ జ్ఞానం ఎక్కువ కనుక అంధ మహిళలకే ఈ పరీక్షలో శిక్షణ ఇచ్చి వారికి ఉపాధి కల్పించారు. ఒక్క అంగుళం కూడా తప్పిపోకుండా, వేలికి తగిలే గుర్తులున్న పట్టీలను రోగి ఛాతీ మీద అతికించి వాటి వెంట తడుముతారు. ఢిల్లీలోనూ అంధ మహిళలకు ఈ శిక్షణ ఇచ్చారు. కళ్లున్న మన సిబ్బందికి కూడా శిక్షణలో కాసేపు కళ్లకు గంతలు కట్టి నమూనా మీద గింజలు వెతికించడం మంచిది. అప్పుడే వేలు తన పని తాను నేర్చుకుంటుంది.

సిలికాన్ నమూనాలు కొనుక్కోవలసినవే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకటైనా ఉండాలి. అవి వచ్చేలోగా పిండిముద్దలో శెనగగింజో, మిరియమో దాచి వెతికించడం వంటివి అలవాటుకు పనికొస్తాయి గాని నమూనాకు సాటి రావు. అభ్యాసంలో ఎన్ని గింజలు దొరికాయో లెక్క పెడితే చాలదు. లేని చోట ఉందని ఎన్నిసార్లు చెప్పారో కూడా రాసుకోవాలి. ఉన్న గడ్డ తప్పిపోతే ప్రాణానికి ముప్పు. లేని గడ్డ ఉందంటే ఒక సంసారం నెలరోజులు నిద్ర లేకుండా గడుపుతుంది. రెండూ నష్టమే.

తెల్లతోలు బొమ్మలతో పని జరగదు

ముందు కంటితో చూడటం, తరువాత చేత్తో తడమడం ఈ పరీక్షకు వరస. ఆమెను కూర్చోబెట్టి, చేతులు కిందికి వదిలినప్పుడు, పైకెత్తినప్పుడు, నడుము మీద ఆనించి నొక్కినప్పుడు రెండు వైపులా పోల్చి చూడాలి. తరువాత పడుకోబెట్టి, చేయి తల కింద పెట్టించి తడమాలి. కంటితో చూసేటప్పుడు గమనించాల్సినవి ఇవి: ఒక రొమ్ము ఆకారంలో కొత్తగా వచ్చిన మార్పు, చర్మం మీద సొట్ట, బత్తాయి తొక్కలా గుంటలు పడిన చర్మం, ఈ మధ్యనే లోపలికి పోయిన చనుమొన, దాని మీద మానని పుండు, దానంతటదే కారే నెత్తుటి చెమ్మ.

చాలా పుస్తకాల్లో ఈ గుర్తులకు విదేశీ స్త్రీల ఫొటోలు వేస్తారు. తెల్లని చర్మం మీద ఎర్రదనం ఇట్టే కనిపిస్తుంది. ఎండలో నాట్లు వేసే మన ఆడవారి చామనఛాయ మీద అది ఎర్రగా కాక కమిలినట్టు, నల్లబడినట్టు ఉంటుంది. కనుక బొమ్మ మన మనిషిదే కావాలి. చిన్నప్పటినుంచీ లోపలికే ఉన్న చనుమొన జబ్బు కాదని, కొత్తగా లోపలికి పోతేనే అనుమానించాలని పక్కనే రాయాలి.

కొలతలు కూడా అంతే. సెంటీమీటరు అంటే గుర్తుండదు. మెంతిగింజ, శెనగగింజ, కుంకుడుకాయ, నిమ్మకాయ అంటే ఎవరికైనా తెలుస్తుంది. నిమ్మకాయ అంటే దెందులూరు, తాడేపల్లిగూడెం వైపు వారికి అసలు చెప్పనే అక్కరలేదు. రెండు సెంటీమీటర్ల గడ్డ దాదాపు కుంకుడుకాయంత. ఆ లోపు దొరికి, చంకలోకి పాకకుండా ఉంటే చాలామందికి రొమ్ము మొత్తం తీసే పని లేకుండానే వైద్యం జరుగుతుంది. తొలి దశలో సరైన చికిత్స పొందినవారిలో పదికి తొమ్మిది మంది అయిదేళ్లు దాటి జీవిస్తున్నారు. జబ్బు ఎముకలకో, ఊపిరితిత్తులకో పాకాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. ఈ రెండు ముక్కలూ కుంకుడుకాయ బొమ్మ పక్కన, నిమ్మకాయ బొమ్మ పక్కన పెద్ద అక్షరాల్లో ఉండాలి.

నెలసరి ముందు రోజుల్లో రొమ్ములు బరువుగా, గడ్డలు గడ్డలుగా తగలడం సహజం. నెలసరి మొదలైన వారం తరువాత పరీక్ష చేస్తే గందరగోళం తగ్గుతుంది. ముట్లుడిగిన వారికి ఏ రోజయినా ఒకటే. పాలిచ్చే తల్లికి గడ్డ తగిలితే ‘పాలు గడ్డకట్టాయి’ అని సరిపెట్టడం మన వైపు ఆనవాయితీ. చాలాసార్లు అది నిజమే. కాని రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించి తీరాలని పాఠంలో ఉండాలి.

ఫారంలో ఒక మెలిక

ఆశా కార్యకర్తలు ముప్పై దాటిన వారందరికీ ఒక ఫారం నింపుతారు. వయసు, పొగాకు, సారా అలవాటు, నడుము కొలత, వ్యాయామం, కుటుంబంలో బీపీ, షుగరు వంటి వాటికి మార్కులు వేస్తారు. నాలుగు మార్కులు దాటినవారిని పరీక్షలకు ముందుగా పిలవాలి. ఇది మొదటి భాగం. రెండో భాగంలో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి నెత్తురు కలిసిన స్రావం ఉందా, రొమ్ము ఆకారం, పరిమాణం మారిందా అన్న ప్రశ్నలుంటాయి. వీటికి మార్కులు లేవు. ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా, మొదటి భాగంలో ఎన్ని మార్కులొచ్చినా సరే, వెంటనే ఆసుపత్రికి పంపాలి.

చిక్కు ఇక్కడే ఉంది. మార్కుల లెక్కకు అలవాటుపడిన కార్యకర్త, రెండే మార్కులు వచ్చిన సన్నపాటి పడుచు మనిషిని ‘నీకేం భయం లేదు’ అని పంపేసే ప్రమాదం ఉంది. ఆమెకు గడ్డ ఉండి ఉండవచ్చు. కనుక శిక్షణలో ఇలాంటి ఫారాలు పది నింపి ఇచ్చి ‘వీరిలో ఎవరిని ఇవాళే పంపాలి?’ అని అడగాలి. తప్పుగా చెప్పినవారికి అక్కడే సరిదిద్దాలి. నియమాన్ని పదిసార్లు చదివించడం కంటే ఇది మేలు.

వరసలు కలిపి పలికే మాట

వేళ్ల పని సగమే. మిగతా సగం నోటిది. రొమ్ము అనే మాటే నలుగురిలో అనడానికి సిగ్గుపడే చోట ఒక స్త్రీని రవిక విప్పమని అడగడం మాటలు కాదు. పుస్తకంలో ‘రోగి సమ్మతి తీసుకోవలెను’ అని ఒక్క వాక్యం రాస్తే కార్యకర్తకు ఏ సాయమూ అందదు. ఏం అనాలో ఆ మాటే రాసివ్వాలి. మన పల్లెల్లో ఆశా కార్యకర్త ఎవరినీ పేరు పెట్టి పిలవదు. వదినా, పిన్నీ, అత్తా, అక్కా అనే పిలుస్తుంది. పాఠం కూడా అలాగే ఉండాలి.

“పిన్నిగారూ, ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ చూస్తున్నాం. మీ ఒక్కరికే కాదు. తలుపేసి, తెర కట్టి, ఏఎన్‌ఎం అమ్మే చూస్తుంది. సూదీ లేదు, మందూ లేదు. పది నిమిషాల పని. మధ్యలో వద్దంటే ఆపేస్తాం.” ఇలాంటి నాలుగు మాటలు కంఠతా వస్తే కార్యకర్తకు ధైర్యం వస్తుంది.

పూర్వం కేన్సర్‌ను రాచపుండు అని, పుట్టకురుపు అని అనేవారు. ఆ పేర్లు వింటేనే వణికే ముసలివారు నేటికీ ఉన్నారు. కనుక చేతికి తేడా తగిలినప్పుడు ఏమనాలో, ఏమనకూడదో పాఠంలో ఉండాలి. ‘కేన్సరు’ అనకూడదు. దాన్ని తేల్చేది సూది పరీక్ష, ముక్క పరీక్ష. ‘ఏమీ లేదు’ అని కూడా అనకూడదు. “ఇక్కడ కొంచెం తేడాగా తగిలింది వదినా. ఇలాంటివాటిలో ఎక్కువ భాగం మామూలు గడ్డలే. అయినా డాక్టరమ్మ చూసి తేల్చాలి. ఎల్లుండి నేనే వెంట వస్తాను” అంటే అబద్ధమూ ఉండదు, భయమూ ఉండదు.

ఊళ్లో చెప్పుకునే మాటలకు జవాబులు కూడా తయారుగా ఉండాలి. సూది గుచ్చితే జబ్బు పాకుతుందంటారు. పాకదు. ఆ పరీక్ష లేనిదే ఏ మందు ఇవ్వాలో తెలియదు. పసరు కట్టు కడితే కరుగుతుందంటారు. కరగదు. ఆ కట్టు కింద నెలలు గడిచిపోతాయి. అంటుకుంటుందంటారు. ఇది అంటురోగం కాదు. ఆ ఇంటి కంచంలో అన్నం తినవచ్చు, బిడ్డను ఎత్తుకోవచ్చు. తల్లికి వస్తే కూతురికి సంబంధాలు రావంటారు. చాలామందికి ఇది వంశపారంపర్యంగా వచ్చినది కాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

వేళ కూడా చూసుకోవాలి. చేపల చెరువుల మీద, రొయ్యల షెడ్లలో పనికి పోయే ఆడవాళ్లు తెల్లవారుజామునే వెళ్లిపోతారు. నాట్ల రోజుల్లో పగలు ఊళ్లో ఎవరూ ఉండరు. పదకొండు గంటలకు క్లినిక్కు తెరిచి ఎవరూ రాలేదని రాసుకుంటే ఏం లాభం? ఏ ఊళ్లో ఏ వేళ వీలో కార్యకర్తే రాసుకునే ఖాళీ పేజీ ఒకటి పుస్తకంలో ఉంటే మంచిది. గడియ పెట్టే తలుపు, కిటికీకి తెర, దుప్పటి, చేయి కడుక్కునే నీళ్లు ఉన్నాయో లేదో సరిచూసుకునే పట్టిక కూడా అక్కడే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం ఆఖరి పేజీ

గడ్డ దొరికిన తరువాత ఎక్కడికి పంపాలో తెలియకపోతే పరీక్ష చేయకపోయినా ఒకటే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగి ఏలూరు ఒక జిల్లా అయింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉంది. కాని రోగికి జిల్లా సరిహద్దు కాదు, బస్సు దారి ముఖ్యం. ఉంగుటూరు, నిడమర్రు వైపు పల్లెలు ఏలూరు జిల్లాలోవే అయినా అక్కడివారికి తాడేపల్లిగూడెం ప్రాంతీయ ఆసుపత్రి దగ్గర. కైకలూరు, మండవల్లి లంకల వారి దారి వేరు. పెదపాడు, దెందులూరు వారికి ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. ఒకే రకం చీటీ అచ్చువేసి అందరికీ పంచితే కుదరదు. ప్రతి క్లినిక్కుకూ దాని దారి దానికి రాసివ్వాలి. ఏ ఆసుపత్రి, ఏ రోజు సర్జను ఉంటారు, ఎన్నో నంబరు గది, ఏ కాగితాలు తేవాలి, మొదటి బస్సు ఎన్నింటికి అన్నవి ఆ పేజీలో ఉండాలి.

అక్కడినుంచి అల్ట్రాసౌండు, మామోగ్రాము, ముక్క పరీక్ష జరగాలి. జబ్బు అని తేలితే పెద్దాసుపత్రికి వెళ్లాలి. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో నాట్కో కేన్సర్ కేంద్రం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద పేద కుటుంబాలకు ఈ జబ్బుకు ఉచిత చికిత్స లభిస్తుంది. ఖర్చు భయంతో ఇంట్లోనే ఆగిపోయేవారికి ఈ మాట మొదటి రోజే చెప్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మూడు లక్ష్యాలు నిర్దేశించింది. రొమ్ము కేన్సర్లలో కనీసం 60 శాతం మొదటి, రెండో దశల్లోనే దొరకాలి. రోగి మొదటిసారి వైద్యానికి వచ్చిన 60 రోజుల్లోగా జబ్బు ఏమిటో తేలాలి. కనీసం 80 శాతం మంది చికిత్స పూర్తి చేయాలి. మొదటిది ఏఎన్‌ఎం వేళ్ల మీద, మిగతా రెండూ ఆ ఆఖరి పేజీ మీద ఆధారపడి ఉన్నాయి. పంపిన మనిషి చేరిందా, ముక్క పరీక్ష అయిందా, ఫలితం వచ్చిందా, వైద్యం మొదలైందా అని రాసుకునే రిజిస్టరు లేకపోతే నడి దారిలోనే కొందరు వెనక్కి వచ్చేస్తారు. పెద్దాసుపత్రిలో కోత అంటే భయపడి తిరిగొచ్చిన ఇల్లాలికి మళ్లీ ధైర్యం చెప్పగలిగేది ఊళ్లో ఉన్న ఆశా కార్యకర్త ఒక్కతే.

అచ్చుకు ముందు ఊళ్లో చదివి చూడాలి

ఇలాంటి పుస్తకాన్ని పట్నంలో కూర్చుని రాసి వేల ప్రతులు అచ్చువేసి పంపితే బీరువాల్లో చెదలు తింటాయి. ముందు పాతిక ప్రతులు చేయించి లంక గ్రామం నుంచి ఇద్దరు, మెట్ట నుంచి ఇద్దరు, పట్నం పేటల నుంచి ఇద్దరు చొప్పున కార్యకర్తలకు ఇచ్చి చదివించాలి. ఎక్కడ ఆగిపోయారో, ఏ మాట అర్థం కాలేదో, ఏ బొమ్మను తలకిందులుగా చూశారో పక్కన కూర్చుని రాసుకోవాలి. వారు చెప్పిన మార్పులు చేశాకే అచ్చుకు పంపాలి. శిక్షణ అయిన మూడు నెలలకు ఒకసారి, ఆ తరువాత ఏడాదికి ఒకసారి నమూనా మీద మళ్లీ పరీక్ష పెట్టాలి. వాడని కొడవలికి తుప్పు పట్టినట్టే వాడని చేతికీ పని మరుపు వస్తుంది.

ఇందుకయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. ఒక పుస్తకం, ఒక నమూనా, ఏడాదికి రెండు రోజుల అభ్యాసం. ఒక తల్లి ప్రాణం ముందు ఇది లెక్కలోకి రాదు. రెండు జిల్లాల ఆరోగ్య శాఖల వారు, ఏలూరులోని వైద్య కళాశాలల వారు కలిసి కూర్చుంటే కొల్లేటి సీమకు సరిపోయే పాఠం తయారుచేయడం కష్టం కాదు.

ఈలోగా పాఠకులు చేయదగినది కూడా ఉంది. ముప్పై దాటిన ప్రతి మహిళా తన ఊరి క్లినిక్కులో రొమ్ము పరీక్ష కావాలని అడగవచ్చు. పిలుపు వచ్చేదాకా ఆగనక్కరలేదు. గడ్డగాని, సొట్టగాని, నెత్తుటి చెమ్మగాని కనిపిస్తే వయసుతో, నొప్పితో నిమిత్తం లేకుండా ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి. ఇంట్లో మగవారు ‘తరువాత చూద్దాంలే’ అనకుండా బస్సు చార్జీలిచ్చి వెంట వెళ్లాలి. నాట్లు నాలుగు రోజులు ఆలస్యమైనా పైరు వస్తుంది. గడ్డ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.